నల్ల జెండా పిలుపు

మన దేశంలో నల్ల జెండా అనగానే నిరసన స్ఫురిస్తుంది. 1928లో సైమన్ కమిషన్‌కు మన ప్రజలు చూపినది ఆ జెండానే. అధికారంలో ఉన్నవారికి ప్రజలు చూపే జెండా అది. అమెరికాలో స్టాక్ కార్ పందేలు జరిగేచోట ఈ సంబంధం తలక్రిందులవుతుంది. అక్కడ నల్ల జెండాను చూపేవాడు అధికారి, చూడవలసినవాడు డ్రైవరు. “పందెపు బాట విడిచి వెంటనే పిట్‌కు రమ్ము” అని దాని భావం. ఈ ఆజ్ఞ ఎప్పుడు వెలువడుతుంది, దానిని ధిక్కరిస్తే ఏమవుతుంది అన్న విషయాన్ని ఇక్కడ వివరింపదలచాము.

ముందుగా ఈ పందేలను గురించి రెండు మాటలు. వీటిని నిర్వహించే ప్రధాన సంస్థ నాస్కార్. 1948లో ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనా బీచ్‌లో బిల్ ఫ్రాన్స్ దీనిని నెలకొల్పాడు. దుకాణంలో అమ్మకానికి ఉండే మామూలు కార్లతో పందెం నడపడం మొదటి ఉద్దేశం కనుక ‘స్టాక్ కార్’ అన్న పేరు వచ్చింది. నేటి పందెపు కారుకు మామూలు కారుతో పోలిక పైరూపంలోనే మిగిలింది. 1959లో ప్రారంభమైన డేటోనా బాట ఒక చుట్టు రెండున్నర మైళ్లు. అక్కడ కార్లు గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో, ఒకదానినొకటి తాకుతున్నవా అనిపించేటంత దగ్గరగా పరుగెత్తుతాయి. బాట ప్రక్కన పెట్రోలు పోసి, టైర్లు మార్చి, మరమ్మతు చేసే స్థలమే పిట్.

నల్ల జెండాకు మొదటి కారణం కారు పరిస్థితి. ఇంజను నుండి పొగ వస్తున్నా, నూనె కారుతున్నా, ఏదైనా భాగం ఊడి నేలకు రాచుకొంటున్నా ఆ కారును పిట్‌కు పిలుస్తారు. ఇతరులకు అపాయకరమైనంత మందగించిన కారుకూ ఇదే గతి. ఇక్కడ గమనింపవలసిన విశేషం ఒకటున్నది. పట్టీలతో బిగించబడి, తలకు హెల్మెట్ ధరించి కూర్చున్న డ్రైవరుకు తన కారు వెనుకభాగం కనిపించదు. అది ఇంకా పరుగెత్తుతున్నదని మాత్రమే అతనికి తెలుసు. దాని నుండి కారిన నూనె వెనుక వచ్చేవారి టైర్ల క్రింద పడుతున్నదని ఎత్తయిన గది నుండి చూచే అధికారికి తెలుసు. కావున ఈ సందర్భంలో నల్ల జెండా శిక్ష కాదు, హెచ్చరిక. అది కాపాడేది ఆ డ్రైవరును మాత్రమే కాదు, అతని వెనుక ఉన్నవారందరినీ.

రెండవ కారణం నియమోల్లంఘన. పందెం తిరిగి ప్రారంభమయ్యేటప్పుడు గుర్తించిన చోటికి ముందే వేగం పెంచడం, పిట్ మార్గంలో పరిమితి మించిన వేగంతో పోవడం ఇట్టివి. రెండవ నియమం వెనుక ఒక విషాదమున్నది. 1990 నవంబరులో అట్లాంటా పందెంలో అదుపు తప్పిన కారు ఢీకొని, పిట్‌లో టైరు మారుస్తున్న ఒక పనివాడు మరణించాడు. 1991 నుండి పిట్ మార్గంలో వేగానికి పరిమితి ఏర్పడింది. ఈ నియమాలు మీరినవాడు పిట్ మార్గం గుండా పరిమిత వేగంతో సాగి రావలెను, లేదా తన స్థలంలో ఒకసారి ఆగి బయలుదేరవలెను. ఆ కొద్దిసేపటిలో ఇతరులు అతనిని దాటిపోతారు. అదే శిక్ష.

పిలిచినా రాకపోతే? రేడియో ద్వారా ఆ జట్టుకు కబురు వెడుతుంది. అప్పటికీ కొన్ని చుట్లలోగా రాకపోతే, రెండు తెల్లని అడ్డగీతలు గుణకారపు గుర్తువలె ఉన్న మరొక నల్ల జెండా చూపుతారు. అప్పటి నుండి అతని చుట్లు లెక్కకు రావు. కారు పరుగెత్తుతూనే ఉంటుంది. పందెంలో మాత్రం ఉండదు.

ఇందుకు రెండు ఉదాహరణలు చూద్దాము. 2007 ఆగస్టులో కెనడాలోని మాంట్రియల్‌లో నాస్కార్ రెండవ శ్రేణి పందెం జరిగింది. మార్కస్ ఆంబ్రోస్‌తో తగవుపడిన రాబీ గోర్డన్, అధికారులు చూపిన వెనుక స్థానానికి పోవడానికి ఒప్పుకొనలేదు. నల్ల జెండాను లక్ష్యపెట్టక చివరిదాకా నడిపి, విజేతవలె సంబరం కూడా చేసుకొన్నాడు. విజయం కెవిన్ హార్విక్‌కు దక్కింది. మరునాడు పొకోనోలో జరిగిన పందెంలో గోర్డన్‌ను పాల్గొననీయలేదు.

2012 ఏప్రిల్‌లో రిచ్‌మండ్‌లో 400 చుట్ల పందెం. అందులో 206 చుట్లు కార్ల్ ఎడ్వర్డ్స్ ముందున్నాడు. తిరిగి ప్రారంభించేటప్పుడు తొందరపడ్డాడని అతనికి నల్ల జెండా చూపారు. తానే ప్రథమ స్థానంలో ఉన్నట్లు తనకు సమాచారం అందిందని అతని వాదం. అయినా పిట్‌కు వచ్చాడు; చివరకు పదవ స్థానంతో సరిపెట్టుకొన్నాడు. తన అభ్యంతరాన్ని పందెం ముగిసిన తరువాత చెప్పుకొన్నాడు.

అధికారులు ఎన్నడూ పొరపడరని మేము అనము. పోయిన చుట్లను ఏ విచారణా తిరిగి ఇవ్వలేదు. కనుకనే జెండా ఎత్తే చేతికి బాధ్యత ఎక్కువ: కారణం స్పష్టంగా ఉండవలెను, అడిగినవానికి దానిని చెప్పవలెను. అయితే ప్రతి డ్రైవరూ తన తీర్పే సరి అని బాటమీదనే ఉండిపోతే, కారిన నూనె ఎవరి వాదాన్నీ వినదు. ముందు ఆగి, పిదప అడగడం పిరికితనం కాదు. వెనుక వచ్చేవాని ప్రాణానికి ఇచ్చే గౌరవం అది. పిలిచేవారూ పిలువబడేవారూ ఇద్దరూ మన కళాశాలలోనూ ఉన్నారు కనుక, ఈ దూరదేశపు జెండాను మన పత్రికలో ప్రస్తావింప సాహసించాము.