వేడెక్కినా తడబడని పింగాణీ

మే నెలలో ఓ మధ్యాహ్నం బైక్ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్ చూసుకుంటూ వెళ్తున్నా. సిగ్నల్ దగ్గర ఆగేసరికి స్క్రీన్ మీద వార్నింగ్: ఫోన్ బాగా వేడెక్కింది, చల్లారనివ్వండి. దారి తెలీక పక్కనున్న చెరుకురసం బండి అన్నని అడగాల్సి వచ్చింది.

ఫోన్ పడే ఆ కంగారు ఎక్కువగా బ్యాటరీ గురించే. అదే ఫోన్‌లో ఇసుక రేణువంత సిరామిక్ కెపాసిటర్లు వందల్లో ఉంటాయి. వాటికి మన ఎండ లెక్కే కాదు. చాలా రకాల మీద ఎక్స్‌7ఆర్ అనే కోడ్ ఉంటుంది. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా దాని కెపాసిటీ 15 శాతానికి మించి అటూ ఇటూ మారదని అర్థం. ఆ తర్వాత ఎలా ఉంటుందో మాత్రం ఆ కోడ్ మాట ఇవ్వదు.

అంత వేడి ఎక్కడుంటుంది బాస్ అంటారా? ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ కరెంటుని మోటారుకి కావాల్సినట్టు మార్చే ఇన్వర్టర్ ఉంటుంది. అందులోకి ఇప్పుడు వస్తున్న సిలికాన్ కార్బైడ్ చిప్‌లు 200 డిగ్రీలు దాటినా పనిచేయగలవు. వాటి పక్కన ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్ మాత్రం 105 దగ్గరే చేతులెత్తేస్తుంది. పోనీ దూరంగా చల్లటి చోట పెడదామంటే, మధ్యలో వైరు పొడవు పెరిగి, స్విచ్ పడిన ప్రతిసారీ వోల్టేజి ఎగిరిపడుతుంది. అందుకే చిప్ తట్టుకోగలిగినా, కెపాసిటర్ కోసం బండికి కూలింగ్ బరువు మోయాల్సి వస్తోంది. గ్యాస్ బావులు తవ్వే పరికరాలదీ ఇదే బాధ. భూమిలోకి కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో కూడా అలాంటి అధిక పీడన, అధిక ఉష్ణోగ్రత బావులు ఉన్నాయి.

ఇంతకీ 125 దగ్గర ఏమవుతుంది? ఈ కెపాసిటర్లలో రెండు లోహపు పొరల మధ్య ఉండేది బేరియం టైటనేట్. గాలికి పెర్మిటివిటీ 1 అనుకుంటే దీనికి వేలల్లో ఉంటుంది. అంటే అదే సైజులో అన్ని రెట్లు చార్జి దాచుకుంటుంది. బీటెక్ ఫస్టియర్‌లో ఈ డైఎలక్ట్రిక్ చాప్టర్ పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన బ్యాచ్ నాది. అసలు కథ ఎంత సరదాగా ఉంటుందో అప్పుడెవరూ చెప్పలేదు.

ఆక్సిజన్ అణువుల పంజరం మధ్యలో ఓ టైటానియం ఉంటుంది. అది సరిగ్గా మధ్యలో కూర్చోదు, కాస్త పక్కకి జరుగుతుంది. పక్కింటి టైటానియం కూడా అటే జరుగుతుంది. స్కూల్ అసెంబ్లీలో పిల్లల్లా అందరూ ఒకే వైపు. 120 డిగ్రీల చుట్టుపక్కల ఆ లైను ఒక్కసారిగా చెదిరిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో పెర్మిటివిటీ ఆకాశానికి ఎగిరి, వెంటనే జారిపోవడం మొదలవుతుంది. గ్రాఫ్‌లో గుడి గోపురంలా కనిపించే ఆ శిఖరాన్ని కంపెనీలు రకరకాల మూలకాలు కొద్దికొద్దిగా కలిపి చదును చేస్తాయి. కానీ 125 దాటాక ఆ తంటాలు పెద్దగా పనిచేయవు.

1950ల్లో లెనిన్‌గ్రాడ్‌లో స్మోలెన్‌స్కీ బృందం సీసం, మెగ్నీషియం, నియోబియం కలిసిన ఒక సిరామిక్‌ను కొలిచింది. గోపురం లేదు, వెడల్పాటి దిబ్బ ఉంది. పైగా కొలిచే ఫ్రీక్వెన్సీ పెంచితే ఆ దిబ్బ ఎక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతోంది. వీటికే రిలాక్సర్లు అని పేరొచ్చింది. లోపల మెగ్నీషియం, నియోబియం ఒకే రకం సీట్లలో వరస లేకుండా కూర్చుంటాయి. వాటి చార్జీలు వేరు. దాంతో అసెంబ్లీ లైను కుదరదు, కొన్ని నానోమీటర్ల చిన్న చిన్న గుంపులు తయారవుతాయి. పెళ్లి భోజనాల దగ్గర ఒక్కో టేబుల్‌ది ఒక్కో కబురు ఉన్నట్టు. అందరూ ఒకేసారి లేవరు కాబట్టి ఒకేసారి కుప్పకూలడమూ ఉండదు.

అయితే ఆ పాత రిలాక్సర్ దిబ్బ సున్నా డిగ్రీలకి కాస్త కిందే ఉంటుంది. పైగా అందులో సీసం. దానికి మందు బిస్మత్‌లో దొరికింది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 70 పాళ్ల బేరియం టైటనేట్‌కి 30 పాళ్ల బిస్మత్ స్కాండేట్ కలిపారు. పెర్మిటివిటీ వెయ్యి దగ్గరికి తగ్గింది కానీ, 300 డిగ్రీల దాకా పెద్దగా కదల్లేదు. స్కాండియం ఖరీదు కాబట్టి, దాని బదులు మెగ్నీషియం, టైటానియం వాడే రకాల మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీ చాలా పనిచేసింది.

మరి షాపులో ఎందుకు దొరకవు? నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే. ల్యాబ్‌లో కొలిచేది మాత్రబిళ్లంత డిస్క్. దాన్ని ముందే కాల్చేసి, రెండు పక్కలా వెండి పేస్ట్ పూస్తే చాలు. ఫ్యాక్టరీ కెపాసిటర్‌లో వందల పొరలు, మధ్యమధ్యలో నికెల్, అన్నీ కలిపి ఒకేసారి కొలిమిలో కాలాలి. నికెల్ తుప్పు పట్టకుండా ఆక్సిజన్ బాగా తగ్గించాలి. ఆక్సిజన్ తగ్గిస్తే బిస్మత్ ఆక్సైడ్ విడిపోయి లోహంగా మారిపోతుంది. నికెల్ బదులు పల్లేడియం పెడితే బిస్మత్ దాంతో రియాక్ట్ అవుతుంది. ప్లాటినం పెడితే ఏ గొడవా లేదు, బిల్లు చూస్తేనే గుండె ఆగుతుంది. పైగా వేడిలో చార్జి మెల్లగా లీకయ్యే సమస్య ఒకటుంది. పెర్మిటివిటీ గ్రాఫ్‌లో అది కనిపించదు.

అందుకే ఈమధ్య ఈ టాపిక్ మీద కొత్త పేపర్ కనిపిస్తే, ఆ చదునైన గ్రాఫ్‌ని తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టి, ముందు ఏ ఎలక్ట్రోడ్‌తో కాల్చారో వెతుకుతున్నా.