ఆబిద్ హసన్ ఎక్కిన జలాంతర్గామి

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్స్ వైపు నడిచేవారికి ఒక మాట. ఆ పేటకు పేరు ఆరవ నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల వచ్చింది గాని, ఆబిద్ హసన్ సఫ్రానీ వల్ల కాదు. అయితే హసన్‌గారిదీ ఆ చుట్టుపక్కలే. ట్రూప్ బజారులోని ఆబిద్ మంజిల్ వారి ఇల్లు. జర్మనీకి ఇంజనీరింగు చదువుకని వెళ్లి, నేతాజీకి కార్యదర్శి అయి, 1943 ఫిబ్రవరిలో ఆయనతో కలిసి కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. ఏప్రిల్ ఆఖరున మడగాస్కర్ సమీపాన, నడిసముద్రంలో, రబ్బరు తెప్పమీద ఇద్దరూ జపాను జలాంతర్గామి ఐ-29లోకి మారారు.

ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. వారిని దించిన తర్వాత ఆ ఓడ ఏమైందని అడిగేవారే తక్కువ.

ఆ ఏడాది చివరలో దాని నాయకత్వం కినాషి తాకాకాజు అనే అధికారికి వచ్చింది. అతడు అప్పటికే పేరు మోసినవాడు. 1942 సెప్టెంబరు 15న, ఐ-19 అనే మరో జలాంతర్గామిలో గ్వాడల్‌కెనాల్ దక్షిణాన పొంచి ఉండి, అమెరికా విమానవాహక నౌక వాస్ప్ మీద ఒకేసారి ఆరు టార్పీడోలు వదిలాడు. వాస్ప్ పెట్రోలు మంటల్లో చిక్కుకుంది. చివరకు అమెరికా వారే దాన్ని ముంచవలసి వచ్చింది. గురి తప్పినవి ఊరికే పోలేదు. మైళ్ల దూరం పరుగెత్తి నార్త్ కెరొలైనా అనే యుద్ధనౌకకూ, ఓబ్రయన్ అనే డిస్ట్రాయరుకూ తగిలాయి. ఓబ్రయన్ మరునెలలో, ఇంటిదారిలో విరిగి మునిగింది. ఒక్క వాస్ప్‌లోనే 193 మంది పోయారు. ఇటువంటి విజయాలు చెప్పుకునేటప్పుడు ఆ లెక్క కూడా చెప్పుకోవాలి.

ఐ-29తో కినాషి 1944 మార్చిలో ఫ్రాన్సులోని లోరియాన్ రేవు చేరాడు. జర్మనీ వారు అతనికి ఐరన్ క్రాస్ పతకమిచ్చారు. ఓడలో జెట్, రాకెట్ విమానాలకు సంబంధించిన సామగ్రి, నకళ్లు నింపారు. మూడు నెలల ప్రయాణం చేసి జూలైలో సింగపూరు చేరాడు. అక్కడ ఒక అధికారి కొన్ని నకళ్లు చంకన పెట్టుకొని విమానంలో జపాను వెళ్లిపోయాడు. మిగతావి ఓడలోనే ఉండిపోయాయి.

ఇల్లు చేరడానికి ఇక కొద్దిరోజులే. కాని పరుల కంటబడకుండా పొంచి ఉండడమే వృత్తిగా బతికిన మనిషి రాకపోకలు శత్రువుకు ముందే తెలిసిపోయాయి. జపాను వారి రహస్య తంతి సందేశాలను అమెరికా వారు విప్పి చదువుతున్నారు. జూలై 26న లూజాన్ జలసంధిలో సాఫిష్ అనే జలాంతర్గామి కాచుకొని నాలుగు టార్పీడోలు వేసింది. మూడు తగిలాయి. ఒకే ఒక్క నావికుడు ఈదుకుంటూ ఒక చిన్న దీవి చేరాడు.

కినాషికి అప్పుడు 42 ఏళ్లు. మరణానంతరం రెండు మెట్లు ఎక్కించి రియర్ అడ్మిరల్ హోదా ఇచ్చారు.