సైనా గొప్పదా? సింధు గొప్పదా?

మైపాడుకు దగ్గరలోని ఒక పట్టపుపాలెంలో ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం వెనుక పిల్లలు బ్యాడ్మింటన్ ఆడుకుంటారు. పనికిరాని పాత వలను రెండు సరుగుడు కర్రలకు కట్టారు. అదే వారి నెట్టు. సముద్రపు గాలి లేచిందంటే కాక్ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని గాలి తగ్గినంతసేపు ఆడతారు, గాలి లేవగానే ఇసుకలో కూర్చుని వాదించుకుంటారు. ఒక వారం ఆ వాదన నా దగ్గరకు వచ్చింది.

"అయ్యగారూ, సైనా గొప్పదా, సింధు గొప్పదా? మీరే చెప్పండి."

నేను ఆలోచించకుండా "సింధు" అన్నాను. రెండు ఒలింపిక్ పతకాలు, ఒక ప్రపంచ ఛాంపియన్ పదవి, అందులోనూ మన తెలుగు పిల్ల. ఇంకేమి కావాలి? కానీ అక్కడే నిలబడి ఉన్న మా పెద్దమ్మాయి మాటాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో నాకు రాత్రికి గాని అర్థం కాలేదు.

ప్రియ చదువరులారా, ఆ ఇద్దరి సంగతి మొదట చూద్దాం.

సైనా నెహ్వాల్ 1990 మార్చిలో హర్యానాలోని హిసార్‌లో పుట్టింది. ఆడపిల్ల పుట్టిందని నాయనమ్మ నెల రోజుల వరకు చూడటానికి రాలేదని ఆమే తరువాత చెప్పుకొన్నది. ఈ మాట చదివినప్పుడు మన ఊళ్లలోని పురిటి గదులు ఎన్ని నాకు గుర్తుకు వచ్చాయో! తండ్రి వ్యవసాయ శాస్త్రవేత్త. ఆయనకు హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు సైనాకు ఎనిమిదేళ్లు. తెల్లవారకముందే తండ్రి స్కూటరు మీద లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకువెళ్లేవాడు. పిల్ల నిద్రమత్తులో జారిపడకుండా తల్లి వెనుక కూర్చుని పట్టుకునేది. ఆట ఖర్చులకు ఆయన తన ప్రావిడెంట్ ఫండ్ డబ్బు కూడా తీశాడు.

ఆ రోజుల్లో మన దేశపు ఆడపిల్ల చైనా క్రీడాకారిణులను ఓడిస్తుందంటే నమ్మేవారు లేరు. సైనా 2009లో ఇండోనేషియా ఓపెన్ గెలిచింది. అంత పెద్ద స్థాయి టోర్నీ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మన దేశానికి బ్యాడ్మింటన్‌లో అదే మొదటి ఒలింపిక్ పతకం. ఆ పోటీలో మొదటి గేమ్ గెలిచిన చైనా అమ్మాయి వాంగ్ షిన్ మోకాలి గాయంతో తప్పుకొన్నది. దాన్ని పట్టుకుని "అదృష్టం కొద్దీ వచ్చిన పతకం" అన్నవారూ ఉన్నారు. సెమీఫైనల్ వరకు ఎవరు తీసుకువెళ్లారట ఆమెను? 2015 ఏప్రిల్‌లో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరిన తొలి భారతీయ మహిళ కూడా ఆమే.

పూసర్ల వెంకట సింధు 1995 జూలైలో హైదరాబాదులో పుట్టింది. తల్లి విజయ, తండ్రి రమణ ఇద్దరూ వాలీబాల్ ఆడినవారే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఉన్నారు. ఆట అంటే ఏమిటో ఈ ఇంటికి చెప్పనక్కరలేదు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం చూసి ఈ పిల్ల రాకెట్ పట్టింది. గోపీచంద్ మనకు మరీ దూరపువాడు కాడు. ఆయన పుట్టిన నాగండ్ల మన తీరానికి ఉత్తరాన, నాటి ప్రకాశం జిల్లాలో ఉంది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. సైనా, సింధు ఇద్దరూ అక్కడ చెమటోడ్చినవారే.

సింధు 2016 రియోలో రజతం గెలిచింది. ఆ పోటీలకు ముందు మూడు నెలలు ఆమె చేతిలో ఫోను లేకుండా చేశాడు గురువు. (ఈ పేరా మన యవ్వనస్థులకు రెండుసార్లు చదివి వినిపించండి.) తరువాత 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. జపాను అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాల పోరాటం, చివరి గేమ్‌లో 20-22తో ఓటమి. 2018లో మళ్లీ ఫైనల్, మళ్లీ ఓటమి. ఫైనల్‌కు వస్తే చేతులెత్తేస్తుందని జనం నవ్వారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. పట్టింది 38 నిమిషాలు. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కూడా చేరింది.

లెక్క తేలిపోయినట్టేనా? ఆగండి. ఇద్దరూ ఎదురెదురుగా ఆడినప్పుడు ఏమైంది?

2016 రియోలో సైనా మోకాలి నొప్పితో తొలి దశలోనే ఓడి, శస్త్రచికిత్స చేయించుకున్నది. ఆమె పని అయిపోయిందన్నారు. అంతకుముందు 2014లో గోపీచంద్‌ను విడిచి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గర చేరింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. విడిచిపోయిన గుమ్మానికి తిరిగి రావడం ఎంత కష్టమో సంఘాలలో తగాదాలు చూసినవారికి తెలుసు. మార్కు విషయంలో బర్నబాతో విడిపోయిన పౌలు, ముసలితనంలో ఆ మార్కునే తన దగ్గరకు తీసుకురమ్మని తిమోతికి వ్రాయలేదా? వచ్చిన కొద్ది నెలలకే, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్‌లో సైనా 21-18, 23-21తో సింధును ఓడించి స్వర్ణం తీసుకున్నది. 2019 ఫిబ్రవరిలో గువాహటిలో జాతీయ ఫైనల్‌లోనూ సింధును ఓడించింది. అంటే ఆగస్టులో ప్రపంచాన్ని గెలిచిన సింధు, ఫిబ్రవరిలో ఇంటిలోని అక్కను గెలవలేకపోయింది!

పతకాల బీరువా తెరిస్తే సింధుదే పెద్దది. అందులో నాకు సందేహం లేదు. దారి ఎవరు వేశారంటే సైనా. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడమే మన తప్పు. కొరింథు సంఘం చేసిన తప్పు ఇదే. పౌలు పక్షమని కొందరు, అపొల్లో పక్షమని కొందరు చీలిపోయారు. నాటినవాడొకడు, నీళ్లు పోసినవాడొకడు, మొలిపించినవాడు దేవుడని పౌలు వారికి చెప్పవలసి వచ్చింది. ఆ ఊరికి దగ్గరలోనే రెండేళ్లకోసారి పెద్ద క్రీడలు జరిగేవి. పందెం, బహుమానం అన్న మాటలు వారికి కొత్త కాదు. అందుకే పౌలు పరుగు పందెం సంగతి కూడా వారికే వ్రాశాడు.

ఇక మా పెద్దమ్మాయి సంగతి. మా పాలెం నుండి బస్సెక్కి నెల్లూరు కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమె. "పాస్టరు గారే పంపుతుంటే మనకేమి" అని ఆ తరువాత నలుగురైదుగురు తమ పిల్లలను పంపారు. ఇంటర్మీడియట్‌లో పెద్దదానికి ఓ మాదిరి మార్కులే వచ్చాయి. అదే బస్సులో, అక్క వాడిన పుస్తకాలతో వెళ్లిన చిన్నదానికి మంచి మార్కులు వచ్చాయి. నేనేం చేశాను? సంఘస్థుల ఎదుట "చెల్లెలిని చూసి నేర్చుకో" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నేను "సింధు" అన్నప్పుడు ఆమె విన్నది ఆ మాటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా తప్పు ఒప్పుకొన్నాను. భార్య, చిన్నమ్మాయి కూడా ఉండగానే ఒప్పుకొన్నాను. అన్నది అందరి ముందు గనుక అడగవలసిందీ అందరి ముందే. పెద్దమ్మాయి కాసేపు కంచం వైపే చూసింది.

2024లో సైనా తన మోకాళ్లకు ఆర్థరైటిస్ వచ్చిందని, అంతకు ముందులా సాధన చేయలేకపోతున్నానని చెప్పింది. అదే ఏడాది పారిస్‌లో సింధు పతకం లేకుండా తిరిగివచ్చింది. ఇవి కూడా ఆ పిల్లలకు చెప్పాలని తరువాతి ఆదివారం వల దగ్గరకు వెళ్లాను. నా జవాబు మార్చుకుంటున్నానని చెప్పి, పై సంగతులన్నీ చెప్పాను. అంతా విని ఒక పిల్లవాడు, "అయితే ఎవరూ గెలవనట్టా అయ్యగారూ?" అని నిరాశగా అడిగాడు.

అంతలో మా పెద్దమ్మాయి వచ్చి చెల్లెలి చేతిలోని బ్యాటు తీసుకున్నది. "నాన్నా, గువాహటిలో గెలిచిందెవరన్నావు?"

"సైనా" అన్నాను.

"అయితే రావే" అని చెల్లెలిని వల అవతలికి పంపింది.