సంతకం వెనుక సంతకం

ప్రొద్దుటూరు: ఇక్కడి అంగళ్లలో నగ కొనేవాడు మెరుపు చూసి డబ్బు లెక్కపెట్టడు. వెనుకటి రోజుల్లో గీటురాయి అడిగేవాడు, ఇప్పుడు హాల్‌మార్కు అడుగుతున్నాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ముద్రలో ఆరు అక్షరాల గుర్తు ఉండాలన్నది నియమం. ముద్ర వేసేది పరీక్షా కేంద్రం. ఆ కేంద్రానికి గుర్తింపు ఇచ్చేది భారతీయ ప్రమాణాల సంస్థ. నగకు ముద్ర సాక్షి, ముద్రకు కేంద్రం సాక్షి, కేంద్రానికి సంస్థ సాక్షి.

కంప్యూటరులో వచ్చే కాగితాలకూ ఇదే న్యాయం. జమ్మలమడుగు శనగ రైతుకైనా, పులివెందుల చీనీ తోట రైతుకైనా బ్యాంకులోనో ఆఫీసులోనో పని పడితే ముందు అడిగేది కాగితమే. అందులో కొన్నింటి మీద ఇప్పుడు సిరా సంతకం ఉండదు, డిజిటల్ సంతకం ఉంటుంది.

ఈ విలేకరి ఇటీవల తన ఆధార్ ఫైలును ఒక ఆఫీసుకు పంపగా, సంతకం చోట పసుపుపచ్చ ప్రశ్నార్థకం ఉన్నదని, అది దొంగ కాగితమని తిప్పి పంపారు. రెండు రోజుల పని చెడింది. నిజానికి ఆ గుర్తుకు అర్థం 'దొంగ' అని కాదు. 'సంతకం చేసినవారిని ఈ కంప్యూటరు ఎరగదు' అని మాత్రమే.

ఎవరికి ఎవరు జామీను?

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. దాని ప్రకారం సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు లైసెన్సు ఇవ్వడానికి ఢిల్లీలో కంట్రోలరు ఉన్నారు. సి.సి.ఎ. అంటే ఆ కార్యాలయమే. దాని మూల సర్టిఫికెట్టు పై మెట్టు. ఈముద్ర, సీడాక్ వంటి లైసెన్సు సంస్థలు నడిమి మెట్టు. సంతకం చేసే అధికారి సర్టిఫికెట్టు కింది మెట్టు. కింది పత్రం మీద పై వారి సంతకం ఉంటుంది. ఇట్లా మూలం దాకా పోయి చూడడమే పరీక్ష.

ఫైలులోని ప్రశ్నార్థకం మీద నొక్కి సర్టిఫికెట్టు చూపమంటే ఈ వరుస కనిపిస్తుంది. పైన సి.సి.ఎ. ఇండియా పేరుంటే చాలదు, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మూల సర్టిఫికెట్టును కంట్రోలరు సొంత వెబ్‌సైటు నుంచే తెచ్చుకుని సరిచూసుకోవాలి.

కంప్యూటరు చదివిన పిల్లలు ఇదే పనిని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాధనంతో ఒక్క వరుస ఆదేశంలో చేస్తారు. 'వెరిఫై' అని కొట్టి మూల, నడిమి, చివరి పత్రాల పేర్లు ఇస్తే, గొలుసు కలిసినప్పుడు 'ఓకే' అని జవాబు వస్తుంది. నడిమి పత్రం మరిచిపోతే, ఇచ్చినవారెవరో దొరకలేదని చెబుతుంది. అది మోసం కాకపోవచ్చు, ఒక కొక్కెం తగ్గి ఉండవచ్చు. రద్దయిన సర్టిఫికెట్ల జాబితాను మాత్రం విడిగా చూడమని చెప్పాలి. ఫైలులోని రాత మారిందా లేదా అన్నదీ వేరే పరీక్షే.

నడిమి కొక్కెం ఊడితే

2014 జూలైలో మన జాతీయ సమాచార కేంద్రం సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ పేరిట అనుమతి లేని పత్రాలు వెలువడినట్లు బయటపడింది. మరునాడే కంట్రోలరు ఆ కేంద్రపు నడిమి సర్టిఫికెట్లను రద్దు చేశారు. పై వారు మంచివారైనా మధ్యవారు జారితే గొలుసంతా అనుమానంలో పడుతుందనడానికి ఇదే నిదర్శనం.

రైతులు గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. ప్రింటు తీసిన కాగితం మీది పచ్చ టిక్కు బొమ్మ మాత్రమే, దానిని ఎవరైనా గీయవచ్చు. పరీక్షకు నిలిచేది అసలు ఫైలు. దానిని ఫోనులో పారవేయకుండా దాచుకోవాలి. ఇక కాగితాన్ని తిప్పి పంపే ముందు ఆ గొలుసును ఒక్కసారి పట్టి చూస్తే, పల్లె నుంచి వచ్చిన మనిషికి బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి.