స్వరలేఖనము - స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

సంగీతము చెవికి చెందిన విద్య. కాగితమునకు అంత సులభముగా లొంగునది కాదు. అయినను వ్రాయక తప్పదు. గురువు గతించిన పిదప శిష్యునికి మిగులునవి జ్ఞాపకమును, వ్రాతయును మాత్రమే. ఆ వ్రాతపనికై వాద్యగాండ్రే పూనుకొని, తీరిక వేళలలో కంప్యూటరు ప్రోగ్రాము వ్రాసి, తోడి వాద్యగాండ్రకు వెల లేక పంచియిచ్చిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

నెదర్లాండ్సు దేశమున ఐండ్‌హోవెన్ నగరపు యువ వాద్యబృందమున ఇరువురు మిత్రులుండిరి. హాన్‌వెన్ నీన్‌హైస్ హార్న్ అను బూర నూదును. యాన్ నీవెన్‌హైజెన్ వయొలా అను తంత్రీవాద్యమును వాయించును. కంప్యూటరు ముద్రించు స్వరపత్రములు వారి కంటికి నచ్చలేదు. పూర్వము పనివారు లోహఫలకములపై చేతితో చెక్కి అచ్చొత్తిన పత్రములలో స్వరముల నడుమ ఎడమును, గీతల మందమును, చదువువాని కన్ను తడబడకుండునట్లు అమరియుండెడివి. ఆ పొందికను యంత్రమునకు నేర్పవలెనని వారు 1996లో లిల్లీపాండ్ అను ప్రోగ్రామును ఆరంభించిరి. 1998 జూలైలో దాని 1.0 రూపము వెలువడినది.

దీనిని వాడు విధము సరళము. వాద్యగాడు స్వరముల పేర్లను అక్షరములుగను, కాలప్రమాణమును అంకెలుగను టైపు చేయును. ఎడములను, గీతలను, పుటల విఱుపులను ప్రోగ్రామే నిర్ణయించి పత్రమును సిద్ధపఱచును. అక్షరములతో సంగీతము వ్రాయుట మనకు క్రొత్త కాదు. స, రి, గ, మ యని వ్రాసి, ఒక అక్షరకాలమునకు కామాను, రెండింటికి సెమికోలనును, తాళాంగము ముగిసినచోట నిలువుగీతను పెట్టుదుము గదా! సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురమున, తమిళదేశమున వెలువడియు తెలుగు లిపిలోనే అచ్చుపడినది. అందు గమకములకు వేర్వేఱు గుర్తులు గలవు. కావున గుర్తులను కల్పించువాడు వాద్యము నెఱిగినవాడైననే వ్రాత ఉపయోగపడునని మనవారు ఏనాడో గ్రహించిరి.

లిల్లీపాండునకు వెల లేదు. అంతకు మించినది దాని స్వేచ్ఛ. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు చెందిన ప్రోగ్రాములలో ఇదియు నొకటి. ఇట్టివాటిని ఏ పనికైనను వాడవచ్చును, లోపలి వ్రాతను చదివి మార్చవచ్చును, ప్రతులను పంచవచ్చును, మార్చిన ప్రతిని సైతము పంచవచ్చును. ఒగ్గుకథవారి డోలును తలచుకొనుడు. శ్రుతి తగ్గినచో వాయించువాడే త్రాళ్లు బిగించుకొనును. అమ్మినవాడు తప్ప మఱియెవ్వరును బిగింపరాదని ముడులకు ముద్ర వేసినచో ఆ డోలు ఎవరికి కావలయును? తాళము వేసి అమ్మెడు సాఫ్ట్‌వేరు అట్టి డోలే.

ఈ స్వేచ్ఛ వలన కలుగు ఫలమునకు ఒక దృష్టాంతము చెప్పెదను. స్కాట్లండు కొండవాసుల తిత్తివాద్యము సంచిలోని గాలితో ఎడతెగక మ్రోగును. అందుచే ఒకే స్వరమును రెండుమాఱులు పలికించినచో ఒకే దీర్ఘస్వరముగా వినబడును. వాటిని విడదీయుటకు నడుమ మెఱుపువలె చిన్న స్వరముల నుంచుదురు. ఆ గుంపులకు నిర్ణీతములైన పేర్లు గలవు. ఈ వాద్యపు మర్మమెఱిగిన వారు ఆ పేర్లను లిల్లీపాండునకు నేర్పిరి. ఇప్పుడు పేరు టైపు చేసినచో స్వరముల గుంపంతయు పత్రముపై నిలుచును. టర్కీ, అరబ్బు సంగీతముల సూక్ష్మస్వరములకును అట్లే నామములు చేరినవి. వర్తకుడు కొనువారి సంఖ్యను చూచును. కొద్దిమంది వాయించు వాద్యము అతని లెక్కకు రాదు. ఆ వాద్యము పైని ప్రీతిగలవానికో, ఒక్క శిష్యుడున్నను చాలును.

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములకు ఈ విషయము దూరపు ముచ్చట కాదు. బీరప్ప, మల్లన్నల కథలకు డోలు దరువులు ప్రాణము. రాజగోండుల వంశగాథలను పర్ధానులు కిక్రి అను కమాను వాద్యముతో గానము చేయుదురు. ఈ విద్యలు నోటినుండి నోటికి, చేతినుండి చేతికి వచ్చినవి. ఆదిలాబాదు ప్రాంతమునందలి గుంజాల గ్రామపు వ్రాతప్రతులలోని గోండి లిపి 2018లో యూనికోడు పట్టికలో చేరినది. ఒక గూడెపు అక్షరము ప్రపంచమందలి కంప్యూటర్లకు ఎక్కినప్పుడు, ఆ గూడెపు కిక్రి వరుసకును, మన పల్లెల డోలు దరువునకును వ్రాత కల్పించుట అసాధ్యమెట్లగును?

అయితే పని జరుగవలసిన క్రమము ముఖ్యము. తొలుత కంప్యూటరు నెఱిగిన యువకుడు వృద్ధ వాద్యగాని చెంత కూర్చుండవలెను. చేతి దెబ్బ యేది, పుల్ల దెబ్బ యేది, ఒక్కొక్కదానిని ఆయన యేమని పిలుచునో అడిగి తెలిసికొనవలెను. ఆయన పెట్టిన పేరునే గుర్తుగా నిలిపి, దరువును వ్రాసి, ఆ వ్రాతను చూచి తానే వాయించి ఆయనకు వినిపింపవలెను. ఆయన తల యూపిన పిదపనే దానిని ప్రోగ్రామున చేర్చవలెను. చేర్చినదానిని తాళము వేయక పదుగురికి పంచవలెను. వ్రాత గురువునకు బదులు కాదు. గురువు చెప్పినదానిని మఱునాటికి మఱవకుండ నిలుపునది మాత్రమే. ఆ మాత్రపు సాయమైనను, చెప్పగల పెద్దలు మన నడుమ నున్నప్పుడే చేసికొనవలెను.