దొరక్కపోతే... చేసుకుందాం!

బజారులో దొరికే వస్తువు అందరి కోసం తయారవుతుంది. ఒక్కోసారి మన అవసరం ఆ 'అందరి'లో ఉండదు. అప్పుడు సర్దుకుపోవడం ఒక దారి. కావాల్సింది చేసుకోవడం ఇంకో దారి. నిద్రలో ప్రాణం పోతుందేమోనన్న భయంతో ఆ రెండో దారి పట్టిందో అమ్మాయి. ఆమె కోరుకుంది ఒక్కటే... కాస్త గట్టిగా మోగే అలారం!

రాత్రి పడుకునేముందు మీరేం ఆలోచిస్తారు? రేపటి ఆఫీసు పని, పిల్లల స్కూలు ఫీజు, పొద్దున్నే రావాల్సిన పాలు... ఇంతేగా! అమెరికాలోని సియాటెల్‌లో ఒంటరిగా ఉండే డేనా లూయిస్‌కి మాత్రం వేరే బెంగ. 'రేపు పొద్దున లేస్తానా?' అని.

ఆమెకు 14వ ఏట టైప్‌-1 మధుమేహం వచ్చింది. మనం తరచూ వినే, నడివయసులో పలకరించే చక్కెర జబ్బు కాదిది. క్లోమంలో ఇన్సులిన్‌ తయారుచేసే కణాలను శరీరమే పొరపాటున దెబ్బతీస్తుంది. ఇక బతికినంతకాలం బయటి నుంచి ఇన్సులిన్‌ ఇవ్వాల్సిందే. అది తక్కువైతే రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. ఎక్కువైతే పడిపోతుంది. మరీ పడిపోతే స్పృహ తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణాలకే ముప్పు. పగలైతే ఒళ్లు వణకడం, చెమటలు పట్టడం తెలుస్తుంది. గబుక్కున ఇంత పంచదార నోట్లో వేసుకోవచ్చు. మరి గాఢనిద్రలో ఉన్నప్పుడు?

అందుకోసమే చర్మం కింద అమర్చుకునే సెన్సర్‌ ఉంది. అయిదు నిమిషాలకోసారి చక్కెర ఎంతుందో కొలిచి, పడిపోతుంటే అలారం మోగిస్తుంది. డేనా దగ్గరా అది ఉంది. చిక్కల్లా ఆ అలారం చప్పుడు చిన్నది, ఆమె నిద్ర పెద్దది! శబ్దం పెంచమని తయారీదారులను అడిగినా ఫలితం లేకపోయింది. ఆ పరికరంలోని అంకెలను బయటికి తీసుకునే వీలుంటే ఫోన్లోనే పెద్ద అలారం పెట్టుకోవచ్చు. కానీ ఆ తలుపుకి తాళం వేసి ఉంది.

తాళం తీసిన తండ్రి

అదే సమయంలో న్యూయార్క్‌ రాష్ట్రంలో జాన్‌ కాస్టిక్‌ అనే ఇంజినీరుకి ఇంకో బెంగ. 2012లో నాలుగేళ్ల కొడుక్కి టైప్‌-1 అని తేలింది. బాబు ఎక్కడున్నా, ఆఫీసులో తను ఎక్కడున్నా వాడి చక్కెర ఎంతుందో కనపడాలి. కొనడానికి అలాంటి వస్తువేదీ లేదు. దాంతో తనే కూర్చుని, సెన్సర్‌ రిసీవర్‌లోని అంకెలను వైరు ద్వారా కంప్యూటర్లోకి, అక్కణ్నుంచి ఇంటర్నెట్‌లోకి పంపే ప్రోగ్రామ్‌ రాసుకున్నాడు. ఆ సంగతి 2013లో ట్విటర్‌లో పెట్టాడు.

అది డేనా కంటపడింది. ఆమె స్నేహితుడు, తర్వాతి కాలంలో భర్త అయిన స్కాట్‌ లీబ్రాండ్‌ నెట్‌వర్క్‌ ఇంజినీరు. ఇద్దరూ జాన్‌ని అడిగారు. ఆయన కాదనకుండా ప్రోగ్రామ్‌ ఇచ్చేశాడు. ఇంకేం! అంకెలు బయటికొచ్చాయి. డేనా ఫోను ఆమె కోరుకున్నంత గట్టిగా మోగింది. అయినా లేవకపోతే..? ఆ కబురు స్కాట్‌కి వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నారు.

అలారం నుంచి ఆటోమేటిక్‌ దాకా

చేతిలో అంకెలుంటే ఆలోచన ఆగదు కదా! 'ఇప్పుడెంతుంది' అనే కాదు, 'ఇంకాసేపటికి ఎంత ఉండబోతోంది' అనేదీ లెక్క కట్టొచ్చనిపించింది. తిన్న తిండి, తీసుకున్న ఇన్సులిన్‌ వివరాలు జోడించి ముందే హెచ్చరించేలా చేశారు. మరి లెక్క తెలిసినప్పుడు ఇన్సులిన్‌ పంపుకి ఆ మాట కంప్యూటరే చెప్పొచ్చుగా?

ఇక్కడ కలిసొచ్చింది బెన్‌ వెస్ట్‌ శ్రమ. పాతరకం ఇన్సులిన్‌ పంపులు రేడియో సంకేతాలను ఎలా అందుకుంటాయో ఆయన ఏళ్ల తరబడి శోధించాడు. అలా 2014 డిసెంబరుకల్లా డేనా కోసం ఓ బుల్లి వ్యవస్థ సిద్ధమైంది. చేతిలో ఇమిడే రాస్‌బెరీ పై కంప్యూటర్‌, పంపుతో మాట్లాడే రేడియో స్టిక్‌, ఓ బ్యాటరీ, నాలుగు వైర్లు... ఇంతే సరంజామా. చక్కెర పడిపోతుంటే పంపు వేగాన్ని తగ్గిస్తుంది, పెరుగుతుంటే పెంచుతుంది. పగలూ రాత్రీ అదే పని!

కంప్యూటర్‌ మధ్యలో మొరాయిస్తే? ఆ భయం వాళ్లకీ ఉంది. అందుకే అది పంపుకి ఇచ్చే ప్రతి ఆజ్ఞకీ గడువు పెట్టారు, అరగంట. ఆలోగా కొత్త ఆజ్ఞ రాకపోతే పంపు తన మామూలు పద్ధతిలోకి వెళ్లిపోతుంది. అంటే... పరికరం చెడినా డేనా పరిస్థితి అంతకుముందులాగే ఉంటుంది తప్ప అంతకన్నా దిగజారదు. సొంతంగా ఏ పరికరం చేసుకునేవారైనా గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రమిది.

ఎవరిది వాళ్లే

2015 ఫిబ్రవరిలో ఈ విధానాన్ని 'ఓపెన్‌ఏపీఎస్‌' పేరుతో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఇక్కడో మెలిక ఉంది. వైద్య పరికరాన్ని ఇతరులకు తయారుచేసి ఇవ్వాలంటే ప్రభుత్వ అనుమతులు కావాలి. తన ఒంటి కోసం తాను చేసుకోవడం వేరు. అందుకని వాళ్లు పరికరం అమ్మలేదు, ఊరికే కూడా ఇవ్వలేదు. ఎలా చేసుకోవాలో మాత్రం చెప్పారు. ఎవరిది వాళ్లే చదివి, అర్థంచేసుకుని, బిగించుకోవాలి. ప్రపంచవ్యాప్తంగా వేలమంది ఇలాంటి సొంత వ్యవస్థలను అమర్చుకున్నారు.

ఇందులో ప్రమాదం లేదా? ఉంది. అనుమతి లేని ఇలాంటి ఏర్పాటు వాడిన ఓ రోగికి ఇన్సులిన్‌ మోతాదు మించిపోవడంతో 2019 మేలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మరోవైపు న్యూజిలాండ్‌లో 97 మందిపై 24 వారాలపాటు జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఓపెన్‌ఏపీఎస్‌ లెక్కతో నడిచే వ్యవస్థ వాడినవారి చక్కెర, మిగతావారితో పోలిస్తే రోజుకి మూడు గంటలకు పైగా అదనంగా అదుపులో ఉందని తేలింది. కంపెనీలు తయారుచేసిన ఇలాంటి తొలి వ్యవస్థకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2016 సెప్టెంబరులో. అప్పటికి డేనా ఏడాదిన్నరకు పైగా హాయిగా నిద్రపోతోంది!

అమ్మ భుజం నొప్పి

ఇలాంటి కథ మనదగ్గరా లేకపోలేదు. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, చీర నేసేముందు ఆసు పోయడానికి రోజూ వేలసార్లు చెయ్యి ఆడించేది. ఆమె భుజం నొప్పి చూడలేకే చదువు మధ్యలో ఆపేసిన ఆ కుర్రాడు ఏళ్లపాటు కష్టపడి 1999లో ఆసుయంత్రం పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన మొదట చూసింది మార్కెట్‌ని కాదు, అమ్మ భుజాన్ని.

మీకూ కావాలా?

అందరి అవసరమూ అంత పెద్దది కాకపోవచ్చు. తాతయ్యకు వినపడదు, కాలింగ్‌బెల్‌ కొడితే ఆయన గదిలో లైటు వెలగాలి. మంచం మీదున్న నాన్నమ్మ ఒక్క మీట నొక్కితే పై అంతస్తులోని కోడలికి తెలియాలి. ఇలాంటివి చేసుకోవడం ఒకప్పటంత కష్టం కాదిప్పుడు. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో, 2012లో బ్రిటన్‌ నుంచి వచ్చిన రాస్‌బెరీ పై ఆ పనిని సులువు చేశాయి. హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే సెన్సర్లూ రిలేలూ వైర్లూ అన్నీ దొరుకుతాయి. నమూనాలు తయారుచేసుకునేవారి కోసం 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్‌ మొదలైంది.

* ముందుగా మీకేం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. 'ఇంకా ఇది కూడా' అనుకుంటూపోతే ఖర్చూ పెరుగుతుంది, పనీ తెమలదు.
* మీకు రాకపోతే తెలిసిన మెకానిక్‌కో, ఇంజినీరింగ్‌ చదివే కుర్రాడికో అప్పగించండి. ప్రోగ్రామ్‌, వైరింగ్‌ బొమ్మ మాత్రం తప్పకుండా తీసుకోండి. రేపు అతను ఊళ్లో లేకపోయినా బాగుచేయించుకోవచ్చు.
* కరెంటు పోయినా, నెట్‌ ఆగినా ఏమవుతుందో ముందే ఆలోచించండి.
* ఇంటి కరెంటుతో నేరుగా కలిపే పనిని ఎలక్ట్రీషియన్‌కే వదలండి. ఆరోగ్యానికి సంబంధించినదైతే డాక్టరుకి చెప్పకుండా అడుగు వేయొద్దు.

చివరిగా ఒక్కమాట. చేసింది దాచుకోకండి. ఆ రోజు జాన్‌ కాస్టిక్‌ 'ఇది మా బాబు కోసం' అని ఊరుకుని ఉంటే, డేనా అలారం ఇంకా చిన్నగానే మోగుతుండేదేమో!