వార్తల్లో పదం: లెగసీ ఫాంట్

ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదే భారతీయ లిపుల ఆకారాలను కూర్చిన పాతకాలపు ఫాంట్‌ను లెగసీ ఫాంట్ అంటారు. హిందీలో కృతిదేవ్, తెలుగులో అను, కన్నడలో నుడి పాత ఫాంట్లు ఈ కోవలోవే.

కృతిదేవ్‌లో ‘భారత్’ అని టైప్ చేస్తే తెరపై హిందీ మాటే కనిపిస్తుంది. ఫైల్లో మాత్రం హెచ్, కె, కె, జె, ఆర్ అనే ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. అలా రాసిన స్క్రీన్‌ప్లేను మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు ఫాంట్ మారితే అవే బయటపడతాయి. 1991లో తొలి వెర్షన్ వెలువడిన యూనికోడ్‌లో ఏ లిపి సంఖ్యలు దానివే: హిందీ ‘క’ 2325, తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221.

లక్షణాన్ని బట్టి పరిష్కారం మారుతుంది. ఇంగ్లిష్ గజిబిజి కనిపిస్తే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. అయితే ఫైలంతా ఒకేసారి మారిస్తే ఇంగ్లిష్‌లో ఉన్న సీన్ హెడింగులూ చెడిపోతాయి. హిందీ భాగాలనే ఎంచుకోవాలి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే పాఠం సాధారణంగా భద్రంగానే ఉంటుంది. స్క్రీన్‌ప్లేలకు వాడే కొరియర్‌లో దేవనాగరి లేదు కాబట్టి మంగళ్, నోటో సాన్స్ దేవనాగరి వంటి ఫాంట్ పెడితే చాలు. యూనికోడ్‌లో ఉన్నా ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగితే లోపం చాలావరకు సాఫ్ట్‌వేర్‌దే. భారతీయ లిపులను సరిగా కూర్చే మరో సాఫ్ట్‌వేర్ వాడాలి.

కన్నడ, తెలుగు, హిందీ, ఉర్దూ కలిసి వినిపించే రాయచూరు వంటి సరిహద్దు జిల్లాల్లో ఈ తేడా తెలియడం మరీ అవసరం. సంభాషణలు వేర్వేరు లిపుల్లో ఉన్నా, యూనికోడ్‌లో రాస్తే ఒకే ఫైల్లో ఇముడుతాయి; వెతకడానికీ దిద్దడానికీ వీలుంటుంది.